గుండీల అక్క నవ్వు

"చెవుల్లో అవేంటే? పిలిచి పిలిచి నా గొంతు పోయింది," అంది మా అత్త, గిన్నెలు తోముతున్న నా భుజం తట్టి. నేను ఉలిక్కిపడి గ్లాసు సింకులోకి జారవిడిచాను. వెనకనుంచి ఎవరు ముట్టుకున్నా నాకిప్పుడు అలాగే అవుతుంది.

"పాటలత్తయ్యా," అన్నాను.

పాటలు కావు. నేను వింటున్నది నా గొంతే. "తలుపు కింద నుంచి పొగ వస్తోంది. పిడి ముట్టుకుంటే కాలుతోంది. గుండీల అక్క నా చెయ్యి పట్టుకుని లాగుతోంది" అని నేనే చెబుతుంటే నేనే వింటున్నాను. ఇది నా వైద్యం. వినడానికి పిచ్చిలా ఉంటుంది. మొదట్లో నాకూ అలాగే అనిపించింది. వారానికోసారి సైకాలజిస్టు దగ్గరికి వెళ్ళి, కళ్ళు మూసుకుని, ఆ రోజు సంగతంతా ఇప్పుడే జరుగుతున్నట్టు చెప్పాలి. జరిగింది, అయింది, పోయింది అనకూడదు. జరుగుతోంది అనాలి. ఆవిడ దాన్ని నా ఫోన్లోనే రికార్డు చేయిస్తుంది. ఇంటికొచ్చి దాన్ని రోజూ వినాలి. వినగా వినగా అది గడిచిపోయిన సంగతని నా ఒంటికి తెలియాలి. బుర్రకి ఎప్పుడో తెలుసు. ఒంటికే ఎక్కడం లేదు.

"ఎవరూ కదిలించని చోట, వేరే పనేదీ పెట్టుకోకుండా కూర్చుని వినండి," అని ఆవిడ అన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. ఏ ఇంట్లో ఉంటుందమ్మా అలాంటి చోటు? "పోనీ, రోజులో మీకంటూ ఉండే గంట ఏది?" అని అడిగింది. పొద్దున లేచిన దగ్గర్నించీ గంటలన్నీ వేళ్ళ మీద లెక్కపెట్టాను, ఒక్కటీ తగల్లేదు. మా ఇంట్లో నేను గడియ పెట్టుకున్నా ఎవరూ ఏమనని గది బాత్రూమ్ ఒక్కటే. అక్కడ నేను కూర్చోలేను. అందుకని అంట్లు తోముతూ వింటున్నాను. చేతులు నురగలో ఉన్నంతసేపూ ఎవరూ నాకు ఇంకో పని చెప్పరు.

నేను ఒక పెద్ద బట్టల కొట్లో, ఆల్టరేషన్ గదిలో పనిచేసేదాన్ని. కింది అంతస్తులన్నీ అద్దాలూ దీపాలూ. పైన, సరుకు గది దాటి లోపలికి వెళితే కిటికీ లేని మా గది. ప్యాంటు పొడుగైతే మా దగ్గరికి వస్తుంది, నడుం దగ్గర బిగుతైతే మా దగ్గరికి వస్తుంది, "కస్టమరు నిలబడున్నారు, త్వరగా" అనే కేకతో సహా వస్తుంది. మా స్టూళ్ళకి వీపు ఆనించుకునే చెక్క ఉండదు. ఉంటే నిద్రపోతామట. ఫోన్లు కింద లాకర్లో పెట్టి రావాలి. నేను మాత్రం నా బట్టల లోపల ఒక దొంగ జేబు కుట్టుకుని ఫోన్ అందులో దాచుకునేదాన్ని. మా ఆయన ఫోన్ చేస్తే ఎత్తాలి కదా. ఎత్తకపోతే గొడవేం పెట్టుకోడు, ఆ మాట ఒప్పుకోవాలి. రాత్రి భోజనాల దగ్గర, "ఏం, ప్రభుత్వం నీ కుట్టుమిషను మీదే నడుస్తోందా, ఫోనెత్తే తీరిక లేదు?" అంటాడు. అందరూ నవ్వుతారు. నేనూ నవ్వుతాను. అలా నవ్వీ నవ్వీ దొంగ జేబు కుట్టుకున్నాను.

గుండీల అక్క మా గదిలో అందరికన్నా పెద్దది. గుండీలూ కాజాలూ ఆమె పని. పేరు పెట్టి ఎవరూ పిలవగా వినలేదు. ఎదుటి మనిషి మొహం తర్వాత, ముందు చొక్కా గుండీలు చూసేది. బస్సులో ఎవరి కాలరు గుండీ అయినా వదులుగా వేలాడుతుంటే దిగేదాకా ఆమె ప్రాణం కుదుటపడేది కాదు. ఒకసారి మేనేజరు మమ్మల్నందర్నీ నిలబెట్టి తిడుతుంటే, "సార్, మీ మూడో గుండీ ఊడేట్టుంది, ఇటు రండి" అని ఆయన పొట్ట మీదే సూది పెట్టింది. ఆయన ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. ఆ పూటకి తిట్లు ఆగిపోయాయి.

ఆ మధ్యాహ్నం మిగతావాళ్ళు తిండికి కిందికి దిగారు. అర్జెంటు పని ఉందని మేమిద్దరం ఉండిపోయాం. సరుకు గదిలో ఎక్కడో వైరు కాలింది. మా గదిలోంచి బయటికి దారి ఆ సరుకు గదిలోంచే. మేమిద్దరం మా గదిని ఆనుకుని ఉన్న బాత్రూమ్‌లో దూరి, తడిపిన గుడ్డ ముక్కలు తలుపు కింద కుక్కి, నేల మీద కూర్చున్నాం. నా దొంగ ఫోనుతోనే ఫైరు వాళ్ళకి చేశాం. వాళ్ళు వచ్చారు. తలుపు పగలగొట్టి ఇద్దర్నీ మోసుకెళ్ళారు. నేను బతికాను. అక్క బతకలేదు.

ఆ తర్వాత అందరూ నాకు ఒకటే చెప్పారు, నా ఆయుష్షు గట్టిదని. ఆయన ఆస్పత్రిలో నా మంచం పక్కనుంచి కదల్లేదు. నాకు మంచినీళ్ళు చెంచాతో పట్టాడు. అది నేను మర్చిపోను, మర్చిపోవాలని కూడా లేదు. ఇంటికొచ్చాక, "ఇంక దాని గురించి ఆలోచించకు," అన్నాడు. అత్త, "అయిపోయినదాన్ని తవ్వుకుంటూ కూర్చోకు, ఏదైనా పనిలో పడు," అంది. పనికేం తక్కువ? నేను ఉద్యోగానికి వెళ్ళలేను కనుక, ఇంట్లోనే ఉంటున్నాను కనుక, పనిమనిషిని మాన్పించారు. మనసు మళ్ళించుకోవడానికి మంచిదన్నారు. ఎవరి మంచికో నేనడగలేదు.

మనసు మళ్ళలేదు. ఒకరోజు వెనకింటివాళ్ళు ఎండుటాకులు కాల్చారు. ఆ వాసన కిటికీలోంచి రాగానే నాకు తర్వాత ఏం జరిగిందో తెలియదు. తెలివొచ్చేసరికి బాత్రూమ్‌లో ఉన్నాను. ఇంట్లో ఉన్న తువ్వాళ్ళన్నీ తడిసి తలుపు కింద ఉన్నాయి. మా అత్త నేల మీద నా ఒళ్ళో ఉంది. ఆవిడ మూతికి తడిగుడ్డ కట్టేసి, రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, "నిద్రపోకక్కా, నిద్రపోకక్కా" అంటున్నానట. ఆవిడ ఎంత గింజుకున్నా వదల్లేదట. పాపం, పెద్దావిడ హడలిపోయింది. "దీనికి దెయ్యమన్నా పట్టుండాలి, మతన్నా పోయుండాలి," అని ఆ సాయంత్రం కొడుకుతో అంటుంటే విన్నాను. నాకు కోపం రాలేదు. నాకూ ఆ రెండిట్లో ఏదో ఒకటి అనే అనిపించింది.

రెండూ కాదని సైకాలజిస్టు చెప్పింది. ప్రాణం మీదకొచ్చినప్పుడు ఒళ్ళు చేసిన హడావిడి, ప్రమాదం పోయాక కూడా ఆగకుండా ఉండిపోతే దానికి పి.టి.ఎస్.డి. అని పేరట. యుద్ధానికి వెళ్ళొచ్చినవాళ్ళకే కాదు, ఎవరికైనా వస్తుందట. వైద్యం ఉందట. "తగ్గుతుందా?" అని ఆయన అడిగాడు. "చాలామందికి తగ్గుతుంది. కానీ తగ్గేముందు కొన్నాళ్ళు కష్టంగా ఉంటుంది. ఇంట్లోవాళ్ళు ఓపిక పట్టాలి," అంది. ఆయన తలూపాడు. బస్సు తలుపులు మూసుకుంటే నాకు ఊపిరాడదు కనుక, వారం వారం తన బండి మీద తనే తీసుకెళ్ళి, పని అయ్యేదాకా కింద నిలబడేవాడు.

మొదటి వారాల్లో చెప్పిన ప్రతిసారీ చెమటతో ఒళ్ళు తడిసిపోయేది. "భయం ఇప్పుడు వందకి ఎంత?" అని ఆవిడ మధ్యమధ్యలో అడిగేది. తొంభై అనేదాన్ని. అన్ని వారాలూ తొంభైయే. పొగకి అలవాటు పడ్డాను, తలుపు పిడికి అలవాటు పడ్డాను, అయినా ఆ అంకె దిగలేదు. ఒకరోజు ఆవిడ నెమ్మదిగా అంది: "మీరు ప్రతిసారీ ఒక చోట దూకేస్తున్నారు. 'ఫైరు వాళ్ళు కిందే ఉన్నామంటున్నారు, మేం నేల మీద కూర్చున్నాం' అంటారు. వెంటనే 'తలుపు పగులుతోంది' అంటారు. మధ్యలో ఏముంది?"

"ఏమీ లేదండీ. కూర్చున్నాం, అంతే."

అలా అంటూనే నేను ఏడవడం మొదలుపెట్టాను. ఆ మధ్యలో ఉన్నది నేను ఎవరికీ చెప్పలేదు. ఆయన్ని చెడ్డవాణ్ణి చేసినట్టవుతుందని చెప్పలేదు. ఆ రోజు కళ్ళు మూసుకుని మొదటిసారి చెప్పాను. రికార్డులో ఆ ముక్క ఇలా ఉంటుంది:

"ఫోన్ మోగుతోంది. ఫైరు వాళ్ళనుకుంటున్నాను. కాదు, ఆయన. 'నీలం గీతల చొక్కా ఎక్కడ పెట్టావ్?' అంటున్నాడు. నాకు దగ్గొస్తోంది. 'బీరువాలో మధ్య అర, దుప్పట్ల కింద' అంటున్నాను. 'లైన్లో ఉండు, చూస్తాను' అంటున్నాడు. ఉన్నాను. బీరువా తలుపు చప్పుడు వినిపిస్తోంది. పొగ కిందికి దిగుతోంది. 'ఆఁ, దొరికింది' అంటున్నాడు. పెట్టేస్తున్నాడు. అక్క నన్నే చూస్తోంది. కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి. 'ఏమడిగాడే?' అంటోంది. చొక్కా అంటున్నాను. 'చొక్కానా?' అంటోంది. నవ్వుతోంది. దగ్గుతూ నవ్వుతోంది. 'గుండీలన్నీ ఉన్నాయో లేదో చూసుకోమనాల్సింది' అంటోంది. తల నా భుజం మీద పెట్టి నవ్వుతోంది. నేనూ నవ్వుతున్నాను. ఇద్దరం ఊగిపోతున్నాం. తర్వాత నేనొక్కదాన్నే నవ్వుతున్నాను. తను ఎప్పుడు ఆపేసిందో నాకు తెలియడం లేదు."

ఇదీ సంగతి. నన్ను వెంటాడింది మంటలు కావు. ఆ నవ్వు. పంపు తిప్పితే వినిపించేది, మిక్సీ ఆపగానే వినిపించేది. చచ్చిపోయే మనిషి నవ్వడమేమిటి, పక్కన నేను నవ్వడమేమిటి! అంతకన్నా, పొగలో కూర్చుని ఏ అరలో ఏముందో చెప్పడమేమిటి! మంటల్లో ఉన్నానని ఒక్క మాట అనలేదు. ఆయన అడిగాడు, నా నోరు జవాబు చెప్పేసింది. నన్నడక్కుండానే చెప్పేసింది. పెళ్ళైన దగ్గర్నించీ ఆ నోరు చేస్తున్న పని అదే కదా.

ఇకనుంచి రోజూ ఆ ఒక్క ముక్కే మళ్ళీ మళ్ళీ వినమంది సైకాలజిస్టు. వింటున్నాను. అంకె మెల్లగా కదలడం మొదలైంది.

అప్పుడే నా తెలివితక్కువ పని జరిగింది. ఒక సెలవురోజు వెనక వసారాలో బట్టలు ఆరేస్తూ చెవుల్లో ఇయర్‌ఫోన్ పూసలు పెట్టుకుని ఫోన్లో మీట నొక్కాను. ఏమీ వినిపించలేదు. శబ్దం పెంచాను. ఇంకా పెంచాను. ఇంకా వినిపించక చివరిదాకా పెంచాను. చెవి పూసల్లో చార్జింగు అయిపోయిందనీ, ముందురోజు ఆయన స్నేహితులొచ్చినప్పుడు పాటల కోసం నా ఫోన్ని హాల్లో స్పీకరుకి కలిపాడనీ నాకు తట్టనే లేదు. తడి దుప్పటి తీగ మీద పరుస్తుంటే, ఇంట్లోంచి, గోడలు అదిరేలా, నా గొంతు వినిపించింది. "'లైన్లో ఉండు, చూస్తాను' అంటున్నాడు. ఉన్నాను."

నేను హాల్లోకి పరిగెత్తేసరికి ఆయన స్పీకరు వైరు గోడలోంచి పీకేసి, దాన్ని చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు. అత్త కుర్చీలో ఉంది.

"అప్పుడా నేను ఫోన్ చేసింది?" అన్నాడు.

తలూపాను.

"నాకేం తెలుసు? నువ్వు చెప్పి ఉండాల్సింది. ఒక్క మాట అనుంటే నేను ఎగురుకుంటూ వచ్చేవాణ్ణి కాదూ?"

"మీరడిగింది చొక్కా గురించి," అన్నాను. ఎత్తిపొడవాలని అనలేదు. నిజంగానే నా దగ్గర అంతకన్నా వేరే జవాబు లేదు.

ఆ రోజంతా ఆయన ఇంట్లో తలుపుల్ని మెల్లగా వేశాడు. మర్నాడు పొద్దున నా పక్కన వచ్చి కూర్చుని, నా చెయ్యి తన చేతిలోకి తీసుకున్నాడు. "ఆ డాక్టరమ్మ కూడా విందా ఇది?" అని అడిగాడు. విందన్నాను. "నన్నేమనుకునుంటుంది? నేను వారం వారం కింద నిలబడుంటాను కదా, పైనుంచి చూసి ఏమనుకునుంటుంది?" నాకు జాలేసింది. అబద్ధం చెప్పను, చాలా జాలేసింది. "నేను చెడ్డవాణ్ణా చెప్పు? ఎవడైనా పెళ్ళానికి ఫోన్ చేసి చొక్కా ఎక్కడుందని అడగడా? ఒక పని చెయ్. ఆ ముక్క తీసేసి చెప్పు. మంటలు చెప్పు, పొగ చెప్పు, ఆ అక్క గురించి చెప్పు, మిగతాదంతా నీ ఇష్టం. అదొక్కటి తీసేస్తే నీ వైద్యానికి వచ్చే నష్టమేంటి? లేదంటే మానేద్దాం. నా పరువు తీసుకోవడానికి నేనే బండి మీద తీసుకెళ్ళాలా?"

ఆ వారం నేను బస్సులో వెళ్ళాను. తలుపులు మూసుకున్నాయి. ముందు సీటు కమ్మీ పట్టుకుని, ఇది బస్సు, ఇది బస్సు అనుకుంటూ కూర్చున్నాను. నా స్టాపు వచ్చేదాకా దిగలేదు.

"ఫోన్ సంగతి లేకుండా చెప్పొచ్చా?" అని అడిగాను. ఎందుకని సైకాలజిస్టు అడుగుతుందనుకున్నాను. "చెప్పండి. మీ కథ మీ ఇష్టం. లేకుండా చెబితే ఎలా ఉంటుందో చూద్దాం," అంది.

కళ్ళు మూసుకున్నాను. పొగ వస్తోంది. పిడి కాలుతోంది. ఫైరు వాళ్ళు కిందే ఉన్నామంటున్నారు. మేం నేల మీద కూర్చున్నాం. ఫోన్ మోగడం లేదు. అక్క నన్ను ఏమీ అడగడం లేదు. అడగడానికేం లేదు. అక్క దగ్గుతోంది. అక్క తల నా భుజం మీదకి వాలుతోంది. అక్క చచ్చిపోతోంది.

అక్కడ ఆగిపోయాను. కళ్ళు తెరిచేశాను.

"నవ్వలేదు," అన్నాను. "ఆయన్ని తీసేస్తే అక్క నవ్వడం లేదండీ. ఊరికే చచ్చిపోతోంది."

ఇన్నాళ్ళూ ఆ నవ్వుని దెయ్యాన్ని చూసినట్టు చూసి పారిపోయాను. అదే లేకుండా చూసేసరికి తెలిసింది, ఆ గదిలో ప్రాణమున్న వస్తువు అదొక్కటే. కళ్ళు మండిపోతూ, ఊపిరందక, ఆ మనిషి నా సంసారం మొత్తాన్ని ఒక్క గుండీ మాటతో తేల్చేసింది. భయంతో పోలేదు. నవ్వుతూ పోయింది, నన్ను నవ్విస్తూ పోయింది. ఆమె చిట్టచివర చేసిన పనిని మా ఆయన పరువు కోసం నేను కత్తిరించి పారేయాలా? కోపం వచ్చింది. ఆ ప్రమాదం జరిగాక నాకు మొదటిసారి వచ్చిన కోపం అది. ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

"మళ్ళీ చెబుతాను," అన్నాను. "మొత్తం చెబుతాను."

ఇంటికొచ్చేసరికి ఇద్దరూ హాల్లోనే ఉన్నారు. "తీసేశావా?" అన్నాడు ఆయన. ఆ అడగడంలో బతిమాలుకోవడమే ఉంది, దబాయింపు లేదు. దబాయించి ఉంటే నాకు తేలికయ్యేది.

"లేదు," అన్నాను. "తీసి చూశాను. కుదరలేదు. ఇది మీ గురించి కాదండీ. కానీ మీరు అందులో ఉన్నారు. నేనేం చెయ్యను?"

హాలు మధ్యలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. చెవి పూసలు బల్ల మీద పెట్టేశాను. "ఇకనుంచి నేను ఇక్కడే, ఈ వేళప్పుడే వింటాను. అయ్యేదాకా నన్ను ఏమీ అడక్కండి. వంట ఆలస్యమవుతుంది. ఉండేవాళ్ళు ఉండొచ్చు, లేచేవాళ్ళు లేవొచ్చు," అన్నాను. ఇంత పొడుగు మాట ఆ ఇంట్లో నేను ఎప్పుడూ అనలేదు. గొంతు వణికింది. వణకనిచ్చాను.

మీట నొక్కాను. మొదటినుంచీ మొదలైంది. కుట్టుమిషన్లు, అర్జెంటు పని, వైరు కాలిన వాసన. ఆయన కొంచెంసేపు ఉండి లేచి వెళ్ళి వరండాలో నిలబడ్డాడు. తలుపు మాత్రం వేసుకోలేదు. అత్త కదల్లేదు. ఫోన్ మోగిన చోట ఒళ్ళో చేతులు బిగించింది. బీరువా చప్పుడు దగ్గర కళ్ళు మూసుకుంది. అక్క గుండీల మాట దగ్గర ఆవిడ మొహంలో ఏదో కదిలింది, నవ్వో ఏడుపో నాకు అర్థం కాలేదు. నా కళ్ళలోంచి నీళ్ళు వాటంతటవి కారుతున్నాయి. తలుపు పగిలింది. స్ట్రెచరు. ఆకాశం. అయిపోయింది.

ఆపేశాను. వీధిలో ఎవరో బండి స్టార్టు చేస్తున్నారు. అత్త కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తిడుతుందేమోనని నేను సిద్ధంగానే ఉన్నాను.

"నన్నడిగినా చెప్పేదాన్నే," అంది చివరికి. "ఆ పొగలో కూర్చుని, ఏ అరో, దేని కిందో, తు.చ. తప్పకుండా చెప్పేదాన్ని."

నేను కుర్చీ ఆవిడ వైపు తిప్పుకున్నాను.

"మీ మామగారు పోయి ఇన్నేళ్ళయిందా? ఇప్పటికీ నిద్దట్లోకి వచ్చి అడుగుతారే. అద్దాలేవి, తాళాలేవి అని. కేకలేస్తారని ఉలిక్కిపడి లేచి, చీకట్లో కూర్చుని చెబుతూనే ఉంటాను. ఎవరికీ చెప్పలేదు." కొంగున ఉన్న తడి వైపు కూడా చూసుకోకుండా, వరండా వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"అమ్మాయ్, ఆ డాక్టరమ్మ నాలాంటి ముసలాళ్ళని కూడా చూస్తుందా?"